అమ్మ నోట రాని పేరు

మా గోల్‌మురి ఇంటి ముందు గదిలో సాయంత్రాలు నేను ఇంగ్లీషు చెబుతాను. బయట బోర్డు మీద స్పోకెన్ ఇంగ్లీషు అని ఉంటుంది గానీ, గ్రామరు రానిదే నోరు తెరవనివ్వను. అది నా మొండితనం. హోటల్ రిసెప్షన్‌లో చేరాలనుకునే అమ్మాయిలు, కాంట్రాక్టు పని వదిలి ఆఫీసు కుర్చీలో కూర్చోవాలనుకునే కుర్రాళ్లు వస్తుంటారు. వాళ్లలో సగం మంది శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడ్డ తెలుగు ఇళ్ల పిల్లలే. నేను తెలుగులో అడుగుతాను, వాళ్లు హిందీలో జవాబిస్తారు, అందరం కలిసి ఇంగ్లీషు నేర్చుకుంటాం. జంషెడ్‌పూర్‌లో ఇది ఎవరికీ వింతగా అనిపించదు.

మొదటి పాఠం ఎప్పుడూ సర్వనామాలే. దానికి కారణం ఉంది. ఇక్కడి హిందీలో మనిషి ఒక్కడే ఉన్నా తనని తాను 'హమ్' అనుకుంటాడు. అంటే 'మేము'. ఆ అలవాటుతోనే ఇంటర్వ్యూకి వెళ్లి, 'వుయ్ హేవ్ పాస్డ్ ఇంటర్' అంటారు. అవతలివాళ్లు ఎంతమంది అని అడిగితే బిక్కమొహం వేస్తారు. ఒక అమ్మాయి నా క్లాసుకి మొదటి రోజు వచ్చి, 'వుయ్ ఆర్ కమింగ్ ఫ్రమ్ సోనారి' అంది. "నీతో ఇంకెవరొచ్చారు తల్లీ?" అన్నాను. పాపం, వెనక్కి తిరిగి చూసుకుంది. "కోయీ నహీ మేడమ్. హమ్ అకేలే ఆయే హై" అంది. ఒక్కతే వచ్చిందట, మేము అట. ఆ రోజు గదంతా నవ్వింది, తను కూడా నవ్వింది.

అందుకని ఐ, వుయ్, యూ, హీ, షి, ఇట్, దే అని వరసగా పలికిస్తాను. మాట్లాడేవాడు ఎవడు, వినేవాడు ఎవడు, అక్కడ లేని మూడోవాడు ఎవడు అని గదిలో పిల్లల్నే నిలబెట్టి చూపిస్తాను. వినే మనిషి యూ. గదిలోంచి బయటికి పంపించేసిన మనిషి షి. ఇది ఎంత మొద్దుకైనా వెంటనే ఎక్కుతుంది. ఆ తర్వాత అసలు నియమం చెబుతాను. పేరుకి బదులుగా వచ్చేది సర్వనామం, కాబట్టి ముందు పేరు చెప్పాలి, ఆ తర్వాతే హీ అనో షి అనో అనాలి, లేకపోతే ఎవరి గురించి మాట్లాడుతున్నారో వినేవాడికి తెలియదు.

ఈ నియమం చెప్పిన ప్రతిసారీ నాకు లోలోపల నవ్వొచ్చేది. మా ఇంట్లో ఒక పేరు అసలు ఏనాడూ వచ్చేదే కాదు. అయినా ఎవరి గురించో అందరికీ తెలిసేది. ఇప్పుడు ఆ నియమం చెప్పేటప్పుడు నవ్వు రావడం లేదు. మాట మధ్యలో ఆపేస్తున్నాను. గొంతు పట్టిందని పిల్లలు మంచినీళ్లు తెచ్చిస్తున్నారు. సంగతేమిటో వాళ్లకి చెప్పలేను కాబట్టి ఇక్కడ చెబుతున్నాను.

మా అమ్మ మా నాన్న పేరు పలకదు. మొగుణ్ణి పేరుపెట్టి పిలిస్తే ఆయన ఆయుష్షు తరిగిపోతుందని పెళ్లినాడు వాళ్లమ్మ చెప్పిందట. అంతే, ఆ మాట కొంగున ముడేసుకుని ఈ ఊరి టాటానగర్ రైల్వే క్వార్టరులో కాపురానికి దిగింది. నాన్నని పిలవాలంటే "ఇదుగోండీ" అనేది. పక్కింటివాళ్లతో మాట్లాడేటప్పుడు 'మా ఇంటాయన'. నాతో అయితే 'మీ నాన్న'. ఎవరూ లేనప్పుడు తనలో తాను గొణుక్కునేటప్పుడు కూడా 'ఈయనొకరు' అనుకునేది తప్ప పేరు అనుకునేది కాదు.

చిన్నప్పుడు నాకు ఇంట్లో ఒక ఉద్యోగం ఉండేది. అమ్మ వెనకాల వెళ్లి నాన్న పేరు చెప్పడం. రేషన్ షాపులో, రైల్వే ఆస్పత్రిలో, గుడిలో పూజారి దగ్గర, ఎక్కడైనా సరే "భర్త పేరు?" అని అడగ్గానే అమ్మ నా వీపు మీద వేలితో పొడిచేది. "సెప్పే గుంటా" అనేది. నేను గట్టిగా చెప్పేదాన్ని. అమ్మ తల వంచుకుని చెవులు మాత్రం రిక్కించి వినేది. ఆవిడకి ఆ పేరంటే ఇష్టమని నాకు అప్పుడే తెలుసు. ఒక్కోసారి కావాలని నేను చెప్పకుండా బిగుసుకుని నిలబడేదాన్ని. అమ్మ మొహం ఎర్రబడిపోయేది. గుమస్తా పేరు రాసుకోవాలి, వెనక జనం తోస్తున్నారు, ఈవిడ మాత్రం నా వీపు పొడుస్తూనే ఉండేది.

నాన్న పేరులో ఒక వారం పేరు కూడా ఉంది. దాంతో అమ్మకి వారంలో ఒక రోజు లేకుండా పోయింది. ఆ రోజుని 'లచ్చివారం మర్నాడు' అనేది. లచ్చివారమంటే మా వైపు గురువారం. 'లచ్చివారం మర్నాడు తలకి నీళ్లోసుకోవాలి', 'లచ్చివారం మర్నాడు బండికి మీ అత్త వత్తాది'. అలా వినీ వినీ నేను స్కూల్లో వారాల పేర్లు చెప్పమంటే అదే చెప్పి దెబ్బలు తిన్నాను. ఇంటికొచ్చి ఏడిస్తే నాన్న కడుపు పట్టుకుని నవ్వాడు.

నాన్న టాటానగర్ యార్డులో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా చేరి, తర్వాత సిగ్నల్ కేబిన్‌లో చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యాడు. యార్డంతా ఆయన్ని పేరుపెట్టి, పక్కన 'జీ' చేర్చి పిలిచేది. బయట ఉన్నంతసేపూ ఆయనకి పేరుండేది. క్వార్టరు గేటు దాటి లోపలికి రాగానే ఆ పేరు సైకిల్‌తోపాటు బయటే ఉండిపోయేది. లోపల ఆయన 'ఇదుగోండీ'. అమ్మ అలా పిలిస్తే ఆయన జవాబు ఎప్పుడూ ఒకటే. "ఏటే?" అనేవాడు. ఒక్కోసారి విసుగ్గా, ఒక్కోసారి నిద్రమత్తులో, ఒక్కోసారి పేపరు వెనకనుంచి, కానీ ఏటే అనకుండా మాత్రం ఉండేవాడు కాదు. వాళ్ల కాపురమంతా ఈ రెండు మాటల మధ్య నడిచింది. ముద్దుముచ్చట్లు నేను చూడలేదు.

రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చేసి గోల్‌మురిలో ఈ చిన్న ఇంటికి వచ్చాం. నేను పెళ్లి చేసుకోలేదు. ఆ గొడవ ఇక్కడ అనవసరం. ముగ్గురం బాగానే ఉండేవాళ్లం.

నాన్నకి మరుపు మొదలైనప్పుడు ముందు పేర్లు పోయాయి. వస్తువుల పేర్లు, ఊళ్ల పేర్లు, చుట్టాల పేర్లు. వాటి స్థానంలో అది, ఇది, వాడు, అక్కడ అనే మాటలు వచ్చి కూర్చున్నాయి. "అది ఇలగియ్యి" అనేవాడు. ఏది నాన్నా అంటే, "అదేనే, దాని మీద ఎడతారే, అది" అనేవాడు. నేను గదంతా వెతికేదాన్ని. అమ్మ వంటింట్లోంచి వచ్చి మంచినీళ్ల బిందె మీది మూత తెచ్చి చేతికిచ్చేది. ఆయన తృప్తిగా తలాడించేవాడు. "వాడొచ్చాడా?" అంటే ఏ వాడో అమ్మకే తెలుసు. "అక్కడికెల్దాం" అంటే ఎక్కడికో అమ్మకే తెలుసు. పేరు ముందు చెప్పాలి, తర్వాతే సర్వనామం అని నేను అరిచి గీపెట్టే నియమం వీళ్లిద్దరికీ వర్తించేది కాదు. డాక్టరు కూడా పేర్ల సంగతే చెప్పాడు. పేర్లు ముందు పోతాయి, మనుషులు తర్వాత పోతారు, సొంత పేరు మాత్రం చాలాకాలం ఉంటుంది అన్నాడు. మనుషులు పోతారన్న మాట దగ్గర అమ్మ నాన్న మొహంలోకి చూసింది. తెలుగు తెలియని డాక్టరు హిందీలో మెల్లగా చెప్పాడు, నేను అమ్మకి తెలుగులో చెప్పకుండా వదిలేశాను. ఆవిడకి హిందీ వచ్చునన్న సంగతి అప్పటికి నాకు గుర్తు రాలేదు.

ఆ రోజుల్లో నాన్న నా క్లాసులో మూలన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. పిల్లలు 'గుడీవినింగ్ అంకుల్' అంటే లేచి నిలబడి సెల్యూట్ చేసేవాడు. ఒక రోజు నేను దిస్, దట్, దీజ్, దోజ్ చెబుతున్నాను. దగ్గరున్నదానికి దిస్, దూరంగా ఉన్నదానికి దట్. పెన్ను పైకెత్తి "వాట్ ఈజ్ దిస్?" అన్నాను. పిల్లలకంటే ముందు నాన్న చెయ్యెత్తాడు. "దట్ ఈజ్ దట్" అన్నాడు. పిల్లలు పగలబడి నవ్వారు, ఆయన కూడా గర్వంగా నవ్వాడు. వంటింటి గుమ్మంలో నిలబడి అమ్మ కూడా నవ్వింది. మా ఇంట్లో ముగ్గురం కలిసి నవ్విన ఆఖరి రోజుల్లో అదొకటి.

తర్వాత ఒక పొద్దున్న అమ్మ టీ గ్లాసు అందిస్తుంటే నాన్న నా వైపు తిరిగి, "ఈవిడెవులు?" అన్నాడు. అమ్మ వేళాకోళమనుకుని, "మీ సవితి తల్లిని" అంది. ఆయన నవ్వలేదు. టీ తాగుతూ గ్లాసు అంచు మీదుగా ఆవిణ్ణి అనుమానంగా చూస్తూనే ఉన్నాడు.

మొదట్లో అది వచ్చిపోతూ ఉండేది. మొహం గుర్తు లేకపోయినా అమ్మ "ఇదుగోండీ" అంటే ఆయన "ఏటే?" అనేవాడు. ఆ ఒక్క మాట వింటే అమ్మకి ప్రాణం లేచొచ్చేది. "సూసినావా, నన్నెరుగుదురు" అని నాకు చెప్పుకునేది. అవసరం లేకపోయినా పిలిచేది. కూర తరుగుతూ పిలిచేది, బట్టలు మడతపెడుతూ పిలిచేది. రానురాను ఆయన పలకడం తగ్గింది. ఫ్యాను చప్పుడు విన్నట్టు ఊరుకునేవాడు. అమ్మకి మందుల మీదా ఆశ లేదు, డాక్టరు మీదా ఆశ లేదు. తను పిలిస్తే ఆయన ఏటే అనాలి. అంతకుమించి ఆవిడ ఏ దేవుణ్ణీ ఏమీ అడగలేదు.

ఒక రోజు ముగ్గురం గోల్‌మురి బజారుకి వెళ్లాం. నేను టమాటాలు ఏరుతున్నాను. అమ్మ చెయ్యి వదిలించుకుని నాన్న రోడ్డు మీదికి నడిచేశాడు. అటూ ఇటూ స్కూటర్లు, ఆటోలు. అమ్మ గొంతు చించుకుని, "ఇదుగోండీ! ఇదుగోండీ!" అని అరిచింది. పక్కన కూరలు కొనుక్కుంటున్న ఇద్దరు ముగ్గురు తెలుగు మగవాళ్లు వెనక్కి తిరిగారు. మా నాన్న తిరగలేదు. అంతలో టీ కొట్టు దగ్గరనుంచి ఎవరో ఆయన పేరుపెట్టి, జీ అని కేక వేశారు. యార్డులో ఆయనతో పనిచేసిన బిహారీ పెద్దాయన. నాన్న టక్కున ఆగాడు. వెనక్కి తిరిగి, ఎండ పడకుండా కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, "ఆఁ జీ!" అన్నాడు. ఆయన ముందునుంచే ఒక ఆటో దూసుకుపోయింది.

అమ్మ పరుగున వెళ్లి ఆయన చొక్కా పట్టుకుంది. ఆ పెద్దాయన ఎవరో నాన్నకి తెలియదు, అయినా చేతులు పట్టుకుని నవ్వుతూనే ఉన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో అమ్మ ఆ చొక్కా వదల్లేదు. ఇల్లు దగ్గరపడ్డాక, "పేరెడితే తిరిగినారు" అంది. అంతే అంది.

ఆ తర్వాత వంటింట్లో కొళాయి ఎక్కువసేపు మోగడం మొదలైంది. గిన్నెలు కడుగుతోందని అనుకున్నాను. ఒక పొద్దున్న నీళ్ల కోసం వెళ్తే, అమ్మ కొళాయి తిప్పి పెట్టి, గోడ వైపు తిరిగి, నాన్న పేరు పలకడానికి ప్రయత్నిస్తోంది. మొదటి సగం వస్తోంది. అక్కడ ఆగిపోయి దగ్గుతోంది. మళ్లీ మొదటి సగం. జీవితమంతా నోట్లో పెట్టుకుని ఉమ్మేయనిది మింగేయనిది ఒకటి ఉంటే, దాన్ని బయటికి తియ్యడం ఎంత కష్టమో ఆ వీపు చూస్తే తెలిసింది. నేను చప్పుడు చెయ్యకుండా వచ్చేశాను.

మధ్యాహ్నం తనే నా దగ్గరికొచ్చి కూర్చుంది.

"ఉత్తి పేరే అంటే బాగోదు కాదేటి? ఎనకాల 'గారు' ఎట్టమంటావా?" అంది.

"పెట్టు. బాగుంటుంది" అన్నాను.

"ఆయుస్సు తగ్గుతాదంటారు కదే."

నేను దిద్దుతున్న కాగితాలు పక్కన పెట్టాను.

"అందుకే గుడికెల్లి సెప్పుకున్నాను. ఆయనకి తగ్గింది నా దాంట్లోంచి తీసి ఏసీమన్నాను" అంది. మొహంలో కొంచెం కూడా తమాషా లేదు. పక్కా ఏర్పాట్లు చేసుకునే వచ్చింది. "పిలువమ్మా" అన్నాను. ఆ స్థితిలో ఎవరైనా అదే అంటారు.

లచ్చివారం మర్నాడు మంచిదని ఆ రోజు పెట్టుకుంది. తలంటుకుంది. కాళ్లకి పసుపు రాసుకుంది. నాన్న కిటికీ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని వీధిలోకి చూస్తున్నాడు. క్లాసుకి ఇంకా టైముంది. అమ్మ వెళ్లి ఆయన ముందు నిలబడింది. కొంగు భుజం చుట్టూ కప్పుకుంది. నేను గుమ్మం దగ్గర ఉన్నాను. ఆ పేరు నిండుగా, గారుతో సహా, అమ్మ గొంతులో మొట్టమొదటిసారి విన్నాను. ఎంత బాగుందో చెప్పలేను.

నాన్న తిరిగాడు. మబ్బు పట్టినట్టుండే ఆ మొహంలోకి వెలుగొచ్చింది. నెలల తరబడి లేని చూపు వచ్చింది. అమ్మ చెయ్యి కొంగు మీద బిగుసుకుంది.

"ఆఁ, సెప్పండి" అన్నాడు నాన్న.

సెప్పండి. అమ్మకి ఆ మాటలోనే ఏదో తగిలినట్టుంది, అయినా ఆశ చావలేదు. "నానండీ" అంది.

"నానంటే ఎవులమ్మా?"

"నానే. మీ ఇంటిదాన్ని."

నాన్న చాలాసేపు ఆవిణ్ణి చూశాడు. కోపం లేదు, విసుగు లేదు. దిగాల్సిన చోటు తప్పి దిగిపోయిన పరాయి ఊరి ఆడమనిషితో స్టేషన్లో మాట్లాడినట్టు ఎంతో మర్యాదగా, ఎంతో మెల్లగా చెప్పాడు.

"తప్పమ్మా. అలగనకండి. మా ఇంటిది నన్ను పేరెట్టి పిలవదు. ఏనాడూ పిలవదు. మీరెవులో మరి, మంచోరి లాగున్నారు."

అమ్మ చెయ్యి కొంగు వదిలింది. "అవునండీ. తప్పే" అని లోపలికి వెళ్లింది. వంటింట్లో కొళాయి తిప్పిన చప్పుడు వినిపించింది.

నాకు ఆ రోజు నాన్న మీద పట్టరాని కోపం వచ్చింది. ఊరు మరిచిపోయావు, కూతుర్ని మరిచిపోయావు, అన్నం తిన్నదీ లేనిదీ మరిచిపోయావు, ఇదొక్కటి మాత్రం ఎందుకు దాచుకున్నావయ్యా అని ఆయన భుజాలు పట్టి కుదపాలనిపించింది. ఆయన లోపల అమ్మ తాలూకు ఆఖరున మిగిలింది అదొక్కటే. 'నా పేరు పలకని మనిషి' అన్న గుర్తు. దాన్ని పట్టుకుని ఆవిడ కోసం చూస్తున్నాడు. అమ్మ ఆయన్ని చేరుకోవడానికి దాన్నే తెంచుకుంది. క్లాసు పిల్లలొచ్చారు. బోర్డు మీద ఏదో రాశాను, ఏం రాశానో చదవలేకపోయాను. తలనొప్పి అని చెప్పి పంపించేశాను. సోనారి అమ్మాయి గేటు దాకా వెళ్లి, మళ్లీ వెనక్కొచ్చి, ఏమీ అడక్కుండా నా నుదుటి మీద చెయ్యి వేసి చూసి వెళ్లింది.

ఆ రోజునుంచి అమ్మ మా ఇంట్లో అతిథి అయిపోయింది. నాన్న ఆవిణ్ణి 'మీరు' అంటాడు. పెళ్లైన ఇన్నేళ్లలో ఒలే, ఏటే తప్ప ఎరగని మనిషికి ఇప్పుడు మీరూ, అమ్మా, సెప్పండీ. ఆవిడ గదిలోకి వస్తే లుంగీ సర్దుకుని నిటారుగా కూర్చుంటాడు. ఒంటి మీద చెయ్యి వెయ్యనివ్వడు. పరాయి ఆడమనిషి కదా. స్నానం చేయించడానికి పక్కింటాయన్ని పిలుచుకోవలసి వస్తోంది. ఆ గదిలో పడుకుంటే ఆయన లేచి కూర్చుని సిగ్గుపడుతున్నాడని అమ్మ తన చాప వంటింట్లోకి మార్చుకుంది. 'మీరు' అనేది ఇంత దూరం నెట్టే మాటని నేను ఏ క్లాసులోనూ చెప్పలేదు. ఇంగ్లీషులో యూ ఒక్కటే ఉంటుంది, మనలాగా నువ్వు, మీరు అని రెండుండవు, మీకు సుఖం అని పిల్లలకి సరదాగా చెప్పేదాన్ని. ఇప్పుడది నిజంగానే సుఖం అనిపిస్తుంది.

పొద్దు వాలేసరికి నాన్న వెతుకులాట మొదలవుతుంది. "మా ఇంటిది ఎక్కడికెల్లింది?" అని అమ్మనే అడుగుతాడు. మొదట్లో అమ్మ "నానే కదండీ" అనేది. అంటే ఆయన అన్నం పళ్లెం తోసేసేవాడు. పరాయి మనిషెవరో తన పెళ్లాన్నని చెప్పుకుంటుంటే ఆయన మాత్రం ఏం చేస్తాడు? అందుకని అమ్మ దారి మార్చింది.

"బజారికెల్లిందండీ. వచ్చేత్తాది" అంటుంది.

"ఆలీసమైపోనాది కదా."

"వత్తాదండీ. మిమ్మల్ని తినీమని సెప్పి ఎల్లింది."

అప్పుడు తింటాడు. ఆవిడ చెప్పిందంటే తింటాడు. సగం తిన్నాక తలెత్తి, "మీరు తిన్నారా అమ్మా?" అంటాడు. తిన్నావా అని ఆయన అమ్మని అంతకుముందు అడగగా నేను వినలేదు. మొదటిసారి విన్నప్పుడు అమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "తింటానండీ" అంది.

ఒక మధ్యాహ్నం ఇద్దరూ కిటికీ దగ్గర ఉన్నారు. ఆయన కుర్చీలో, ఆవిడ కొంచెం ఎడంగా గుమ్మంలో చిక్కుళ్లు తుంచుతూ. నాన్న తనంతట తనే మాట్లాడడం మొదలుపెట్టాడు.

"మా ఇంటిది లేకపోతే నాను ఈ ఊర్లో ఉండలేకపోదునమ్మా. కొత్తలో ఏడుపొచ్చీది నాకు. కేబిన్లో కూకొని ఏడిసీవోణ్ణి. ఇంటికొచ్చీసి దాని గొంతు ఇంటే ఏడుపు ఒగ్గీసీది. దానికి ఈ మాట సెప్పలేదు."

అమ్మ చేతిలో చిక్కుడుకాయ చేతిలోనే ఉంది.

"ఆవిడకి తెలిసే ఉంటాదండీ" అంది.

"తెలీదు. సెప్పలేదు కదా."

సాయంత్రం అమ్మ వంటింట్లో పొయ్యి ముందు కూర్చుని, "ఆవిడ గురించి ఎంత బాగా సెప్పినారో ఇన్నావా?" అంది నాతో. కళ్లు మెరుస్తున్నాయి. సంతోషమో ఏడుపో తెలియలేదు. "అమ్మా, ఆవిడంటే నువ్వే కదా" అన్నాను. "ఆయనకి కాదు కదే" అంది. మళ్లీ పోపు వేసుకుంది. నేను అక్కడ ఉండలేక పెరట్లోకి వెళ్లి ఏడ్చాను. పెళ్లాన్ని గురించి మొగుడు ఇంత చక్కగా చెబితే, ఆ పెళ్లానికి అది పక్కింటి కబురై వినిపించడం కంటే అన్యాయం ఇంకేముంటుంది?

మొన్న వేసవి ముగిసే ముందు జరిగింది ఇది. క్లాసు టైము దగ్గర పడింది. నేను బోర్డు తుడుస్తున్నాను. అమ్మ లోపలనుంచి బజారుకి కట్టుకునే నీలం చీర కట్టుకుని వచ్చింది. గుడ్డ సంచి చేతిలో ఉంది. మా వంటింట్లో ఉన్న మిరపకాయలు, వంకాయలే అందులో వేసుకుంది. "ఎక్కడికమ్మా?" అంటే నోటి మీద వేలు పెట్టింది. పెరటి తలుపు తీసుకుని సందులోంచి వెళ్లిపోయింది. నాకు అర్థం కాలేదు. కాసేపటికి వీధి గేటు చప్పుడైంది. చూస్తే గేటు దగ్గర అమ్మ. మొహం తుడుచుకుంది, కొంగు సర్దుకుంది, సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. బజారునుంచి ఎన్ని వందలసార్లు వచ్చిందో అచ్చం అలాగే వచ్చింది.

"ఇదుగోండీ! ఒచ్చీసినాను" అని పిలిచింది.

కిటికీ దగ్గర నాన్న ఉలిక్కిపడ్డాడు. "ఏటే!" అన్నాడు.

నా చేతిలోంచి డస్టరు జారిపోయింది. ఆ మాట మేం ఎంతకాలంగా వినలేదో. నాన్న కుర్చీ వెనక్కి తోసి లేచాడు. గోడ పట్టుకోకుండా, ఎవరి సాయమూ లేకుండా, గబగబా గుమ్మంలోకి నడిచాడు. ఆ వయసులో, ఆ జబ్బులో, పెళ్లికొడుకులా నడిచాడు. అమ్మ మెట్టు మీద ఆగింది.  నవ్వుతోంది.

నాన్న అమ్మని చూశాడు. చూసి, ఆవిడ భుజం మీదుగా వీధిలోకి చూశాడు. కుడివైపు చూశాడు, ఎడమవైపు చూశాడు. మళ్లీ అమ్మ వైపు తిరిగాడు.

"ఇప్పుడే పిలిసింది మా ఇంటిది. దాని గొంతే. మీ ఎనకాల వత్తందా అమ్మా?" అన్నాడు.

సోనారి అమ్మాయి అప్పుడే గేటు తీసి లోపలికి రాబోయి, ఆగిపోయింది.

అమ్మ సంచి మెట్టు మీద పెట్టింది. ఆయనకి దారి సరిగా కనబడాలని పక్కకి జరిగింది.

"వత్తందండీ. ఎనకాలే వత్తంది" అంది.

ఆయన పక్కనే, తగలకుండా కొంచెం ఎడంగా నిలబడి, తను కూడా వీధిలోకి చూసింది.